ధ్వనితో లోపలి రూపదర్శనము

కుండ కొనువారు దానిని వ్రేలితో తట్టి చూతురు. ఖంగుమన్నచో గట్టిదనియు, బొంగురుపోయినచో పగిలినదనియు గ్రహింతురు. కన్ను చొరజాలని చోట ధ్వని చొచ్చి వార్త తెచ్చుచున్నది. అయితే ఆ నాదము పగులున్నదని చెప్పునే కాని, అది యెచట, ఏ ఆకారమున నున్నదో తెలుపజాలదు. ఆ ఆకారమును గూడ రాబట్టు విధానమే ధ్వని హోలోగ్రఫీ.

తరంగమునకు బలము, దశ అని రెండు లక్షణములు. ఒక క్షణమున ఒక చోట అల శిఖరమున నున్నదా, పల్లమున నున్నదా యనుటయే దశ. సామాన్య ఛాయాచిత్రము బలమును మాత్రమే గ్రహించి, దూరమును దెలుపు దశను పోగొట్టును. గోపాల్‌పూర్ తీరమున రెండు అలలు కలియుట గంజాము వారెల్లరు చూచినదే. శిఖరముపై శిఖరము పడినచోట నీరు పొంగును. శిఖరము పల్లముతో కలిసినచోట అణగును. ఇట్లే తెలిసిన అలను తెలియని దానితో కలిపి, దాని దశను లిఖింపవచ్చునని 1947లో డెనిస్ గాబర్ కనుగొనెను. ఇందులకే ఆయనకు 1971లో నోబెల్ బహుమానము లభించెను.

మన చెవి సెకనుకు సుమారు 20,000 కంపనముల వరకే వినగలదు. అంతకు మించినవి అతిధ్వనులు. నీటిలో ధ్వనివేగము సెకనుకు సుమారు 1,500 మీటర్లు. కావున 30 లక్షల కంపనములు గల ధ్వనికి తరంగదైర్ఘ్యము అర మిల్లీమీటరు. అంత సూక్ష్మమైన వివరములను అది చూపగలదు. వస్తువును నీట ముంచి, దాని గుండా ఒక ధ్వనిపుంజమును, ప్రక్కనుండి మరియొకదానిని నీటి ఉపరితలమునకు పంపుదురు. అవి కలిసినచోట సన్నని ముడుతలు ఏర్పడును, ఇదియే హోలోగ్రాము. దానిపై లేసరు కాంతి ప్రసరింపగా లోపలి రూపము కంటికి గోచరించును. ధ్వని హోలోగ్రాముల నుండి కాంతితో రూపమును రాబట్టు పద్ధతిని 1966లో ముల్లర్, షెరిడన్ ప్రకటించిరి.

అతిధ్వనులకును కాంతికిని గల ఈ సంబంధమును తెలుగు శాస్త్రజ్ఞులు ముందే పరిశీలించిరి. 1936 వరకు గంజాము, బరంపురములు మద్రాసు రాష్ట్రముననే యుండెను. వాటికి చేరువనున్న వాల్తేరులో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తునందు సూరి భగవంతముగారు అతిధ్వనులచే కాంతి వంగుటను గూర్చి పరిశోధించిరి.

ఈ పద్ధతికి హద్దులును కలవు. ధ్వనితరంగము కంటె కాంతితరంగము కొన్ని వందల రెట్లు చిన్నదగుటచే చిత్రమున లోతు వికృతమగును. గాలి అడ్డుపడినచో ధ్వని దాదాపుగా మరలిపోవును. నేడు ఆసుపత్రులలో గర్భస్థశిశువును చూపు పరీక్ష దీనికి భిన్నమైనది. అది ప్రతిధ్వని తిరిగివచ్చు కాలమును కొలుచును. అయినను లోహమునందలి పగులును కోయకయే, దేహమునందలి గడ్డను ఎక్స్‌రే కిరణములు సోకకయే చూడవలెనను కోర్కె ఈ రెండు మార్గములకును ఒక్కటే.