మూగ కీలు

“కందెన వేయని బండికి కావలసినంత సంగీతము” అని తెలుగు సామెత. ఎడ్లబండి ఇరుసు ఎండినచో ఆ సంగతి ఊరివారికెల్ల తెలియును. పాత మోటారు సైకిలు వెనుక చక్రమును పట్టియుంచు స్వింగ్ ఆర్మ్ బుష్షులకు ఆపాటి గొంతు కూడ లేదు. అవి చప్పుడు చేయకయే అరిగిపోవును. సంగతి బయటపడునది తరచుగా ఏ మలుపులోనో, బండి తోక ప్రక్కకు ఊగి, నడుపువాడు చూపిన దారి గాక తనకు తోచిన దారి పట్టినప్పుడు.

ఒకప్పుడు మోటారు సైకిళ్ళలో అధికభాగమునకు వెనుక చక్రము ఫ్రేముకు కదలకుండ బిగింపబడి యుండెడిది. గతుకు దెబ్బ నేరుగా వెన్నెముకకు తగిలెడిది. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణమున రాయల్ ఎన్‌ఫీల్డ్ వారు 1948లో జనులకు చూపి, 1949లో అమ్మకమునకు పెట్టిన బుల్లెట్టు బండిలో ఆ చక్రమును పంగలకొమ్మవంటి ఉక్కు చట్రమున నిలిపిరి. ఆ చట్రమే స్వింగ్ ఆర్మ్. దాని ముందుకొన కీలుపై ఫ్రేమును అంటియుండును. వెనుకకొన స్ప్రింగుల ఆధారమున చక్రముతోపాటు పైకి క్రిందికి ఊగును. 1955లో మద్రాసులో ఏర్పడిన ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఆ బుల్లెట్టునే ఈ దేశమున తయారు చేసినది గనుక, తెలుగువారికిని ఆ కీలు క్రొత్త కాదు.

రెడిచ్ బండ్లలో ఆ కీలునకు దిట్టమైన ఉక్కు గొట్టము, దానిపై తిరుగు ఫాస్ఫర్ బ్రాంజు బుష్షులు ఉండెడివి. ఉక్కు గట్టిది, కంచు మెత్తనిది. ఇది యోచించి చేసిన ఏర్పాటు. రెండింట ఏదో ఒకటి అరుగక తప్పదు గనుక, సులభముగా మార్చదగిన బుష్షే అరుగవలెను. అయితే ఈ కీలునకు ఒక చిక్కు కలదు. భౌతికశాస్త్ర విద్యార్థులు దానిని గమనింపదగును. ఏకధాటిగా తిరుగు ఇరుసు నూనెను తనతో లాగికొని, ఆ నూనెపొరపై తేలును. స్వింగ్ ఆర్మ్ అట్లు తిరుగదు. కొద్ది డిగ్రీల మేర వచ్చిపోవుచుండును. తేల్చు పొర ఏర్పడదు. బరువు పడినచోటనే మరల మరల పడి, గుండ్రని రంధ్రము కోడిగ్రుడ్డు ఆకారమునకు దిగును. చైను ఒక ప్రక్కనే లాగుటచే అరుగుదలయు ఇరుప్రక్కల సమముగా నుండదు. పైగా, రెండు బుష్షుల నడిమి ఎడము కంటె చక్రపు ఇరుసు ఎక్కువ దూరమున నున్నది. కావున కీలువద్ద వెండ్రుకవాసి సందు చక్రమువద్దకు పోవుసరికి పెద్దదగును.

పరీక్ష తేలిక. బండిని సెంటర్ స్టాండుపై నిలిపి, చక్రమును గాక స్వింగ్ ఆర్మునే వెనుకకొనవద్ద పట్టి ప్రక్కలకు ఊపవలెను. చక్రమును పట్టి ఊపినవారు దాని బేరింగు వదులును చూచి బుష్షును నిందింతురు. రెండవచేతి వ్రేలిని కీలు అతుకుపై ఉంచినచో, కంటి కందని కదలిక వ్రేలి కందును.

గ్రీజు గన్నుతో నాలుగు దెబ్బలు కొట్టి పని ముగిసినదనుకొనువారే పెక్కుమంది. పాత గ్రీజు గట్టిపడి దారి మూసినచో, క్రొత్తది లోనికి పోక ప్రక్కకు తప్పుకొనును. అది కీలు రెండు చివరలను కనబడువరకు నమ్మరాదు. ఒక చివరనే వచ్చినచో విప్పి కడుగుటయే మార్గము. అన్ని బండ్లకును ఒకే విధి లేదు. 1967లో వెలువడిన నార్టన్ కమాండో బుష్షులు కోరునది చిక్కని నూనె. వాటికి గ్రీజు ఎక్కించినచో నూనెదారి మూసుకొని బుష్షు ఎండును. కొన్ని బండ్లలోని రబ్బరు బుష్షులు కందెననే కోరవు. ఆదివారములన్నియు టాంకుకు మెరుగు పెట్టుచు గడుపు యజమానులు తమ బండి పుస్తకమున ఈ ఒక్క పుట చదువుట మేలు.

బుష్షు మార్చునప్పుడు సుత్తిని దూరముగా నుంచవలెను. పొడవైన బోల్టు, వాషర్లు, నట్టు సాయమున దానిని మెల్లగా లోనికి లాగింపవచ్చును. బిగువుగా దిగిన బుష్షు లోపలి వ్యాసము కొంత తగ్గును. దానిని రీమరుతో సరిచేయుదురు. రెండు బుష్షులను వేరువేరుగా గాక, రీమరు ఒకే సరళరేఖపై రెండింటిగుండ పోవునట్లు చేయుట ముఖ్యము. మెట్టుపడి అరిగిన పాత గొట్టమును క్రొత్త కంచులో దూర్చినచో మెకానిక్కు కూలి దండుగ. స్ప్రింగులు తగిలింపక మునుపు చట్రమును చేతితో ఎత్తి విడువవలెను. అది ఎక్కడను పట్టకుండ, ప్రక్కకు కదలకుండ, తన బరువుతోనే మెల్లగా దిగవలెను.