తీరం లేని ఊళ్లో సముద్రం కొలువు

సముద్ర రంగంలో ఉద్యోగమంటే ఈత రావాలి, ఓడెక్కాలి అనుకుంటున్నారా? హైదరాబాద్‌లోని ప్రగతినగర్ వైపు చూడండి. అలల జాడే లేని ఆ చోటి నుంచి కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ రాత్రీపగలూ సముద్రాన్ని గమనిస్తోంది. ఇది 1999లో ఏర్పాటైంది.

ఉపగ్రహాలు పంపే నీటి ఉష్ణోగ్రత, క్లోరోఫిల్ వివరాలను బట్టి చేపలు ఎక్కడ దొరకొచ్చో మత్స్యకారులకు చెబుతుంది. వెతుకులాట తగ్గితే డీజిల్ ఆదా, పొగా తక్కువే. నీరు వేడెక్కి పగడపు దిబ్బలు పాలిపోయే ముప్పుంటే ముందే హెచ్చరిస్తుంది. సునామీ హెచ్చరికలూ ఇక్కడి నుంచే.

వీటన్నిటి వెనక ఉన్నవి కోడింగ్, గణాంకాలు, మ్యాపులు. మీలో చాలామంది చదువుతున్నవే!

నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఆర్గో అనే అంతర్జాతీయ కార్యక్రమం కింద దాదాపు 4,000 ఫ్లోట్లు సముద్రాల్లో తిరుగుతున్నాయి. ఇవి సాధారణంగా 2,000 మీటర్ల లోతుకు దిగి, పది రోజులకోసారి పైకొచ్చి ఉష్ణోగ్రత, లవణీయత వివరాలు పంపుతాయి. ఆ డేటా అందరికీ ఉచితం. బంగాళాఖాతం వివరాలు దించుకుని పైథాన్‌లో గ్రాఫ్ గీయండి. డబ్బిచ్చి కొన్న ఫైనలియర్ ప్రాజెక్టు కన్నా ఇంటర్వ్యూలో ఇదే అక్కరకొస్తుంది.

ఒక్కమాట దాచకుండా చెప్పాలి. ప్రాజెక్ట్ సైంటిస్ట్ పోస్టులు సాధారణంగా నిర్ణీత గడువుకే ఉంటాయి. ఆ సంగతి తెలుసుకునే అడుగెయ్యండి. గడువు ముగిసినా చేతికొచ్చిన పని మాత్రం మీదే.