ఎరువుల రాయితీ: సంస్థకా, సాగుదారుకా?

నలభై ఐదు కిలోల యూరియా బస్తాకు రైతు చెల్లించే ధర, పన్నులు, వేపపూత ఖర్చు మినహా, 242 రూపాయలు. తయారీ లేదా దిగుమతి వ్యయంలో మిగిలిన భాగాన్ని కేంద్ర ప్రభుత్వం ఎరువుల సంస్థకు చెల్లిస్తున్నది. 2018 మార్చి నాటికి దేశమంతటా అమలులోకి వచ్చిన ఈ పద్ధతికి ప్రత్యక్ష ప్రయోజన బదిలీ అని పేరు. అయితే దుకాణంలోని యంత్రంపై రైతు వేలిముద్ర నమోదైన తరువాత సొమ్ము జమ అయ్యేది సంస్థ ఖాతాలోనే.

రాయితీ బస్తాతో ముడిపడిన ఫలితం

యూరియాలో నత్రజని 46 శాతం. పై ధర ప్రకారం కిలో నత్రజని రైతుకు సుమారు 12 రూపాయలకే లభిస్తుంది. యాభై కిలోల డి.ఏ.పి. బస్తా ధర 1,350 రూపాయలు. అందులోని 9 కిలోల నత్రజనికి ఇదే విలువ కట్టినచో, కిలో భాస్వరం సుమారు 54 రూపాయలు పడుతుంది. 2010లో ప్రవేశపెట్టిన పోషకాధార రాయితీ విధానం నుండి యూరియాను మినహాయించడమే ఈ వ్యత్యాసానికి ముఖ్య కారణం. భూసార పరీక్ష పత్రం ఏమి చెప్పినప్పటికీ, ధర మాత్రం రైతును యూరియా వైపే నడిపిస్తున్నది.

నేరుగా ఇచ్చే సహాయం

తెలంగాణ ప్రభుత్వం 2018లో రైతుబంధు పథకాన్ని సీజనుకు ఎకరానికి 4,000 రూపాయలతో ప్రారంభించి, మరుసటి ఏడాది 5,000 రూపాయలకు పెంచినది. 2019లో ప్రారంభమైన పి.ఎం. కిసాన్ ఏటా 6,000 రూపాయలను మూడు విడతలుగా అందిస్తున్నది. ఈ సొమ్మును విత్తనానికో, కూలికో, పచ్చిరొట్ట ఎరువుకో వినియోగించుకొనే స్వేచ్ఛ గ్రహీతకు ఉన్నది.

అయితే ఈ రెండు పథకాలకూ ఆధారం భూయాజమాన్య హక్కు. ఐదెకరాలను కౌలుకు తీసుకొని వరి పండించే రైతుకు యూరియా బస్తాపై రాయితీ అందుతుంది. రైతుబంధు కింద సీజనుకు 25,000 రూపాయలు మాత్రం పట్టాదారుకు చేరాయి. ఎరువుల రాయితీని కూడా ఇదే జాబితా ప్రకారం నగదుగా మార్చినచో, కౌలుదారు పూర్తి ధర చెల్లించవలసి వస్తుంది, సహాయం మాత్రం అందదు. ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చి, కొన్ని వర్గాల కౌలుదారులకు రైతు భరోసాను వర్తింపజేసినది. కానీ సాగు పత్రానికి యజమాని సంతకం అవసరం కావడం పెద్ద అవరోధంగా నిలిచినది.

చేయవలసినది

కావున సంస్థకు చెల్లించే రాయితీని వ్యక్తికి మళ్ళించే ముందు, వాస్తవంగా సాగు చేస్తున్నది ఎవరో తేల్చడం అవసరం. ఆంధ్రప్రదేశ్‌లోని ఈ-పంట వంటి క్షేత్రస్థాయి నమోదు ఇందుకు ఆధారం కాగలదు. నగదును ఎరువు కొనుగోలుకు ముందుగానే జమ చేయాలి. లేనిచో పెట్టుబడి కొరకు చిన్న రైతు వడ్డీ వ్యాపారిని ఆశ్రయించక తప్పదు. నమోదు సమయంలో కౌలుదారు పేరు విడిచిపెట్టకుండా చూడడం, భూసార పరీక్ష ఫలితాన్ని అతని చేతికి అందించడం విస్తరణ సిబ్బంది నేడే చేపట్టదగిన పనులు.