సంరక్షకత్వము – న్యాయసహాయము: అవినాశి ప్రాంతపు తెలుగువారు తెలియదగిన విషయములు

అవినాశి యనగానే మొసలి మ్రింగిన బాలుని సుందరమూర్తి నాయనారు పాటపాడి తిరిగి రప్పించి తల్లిదండ్రుల కప్పగించిన కథ స్ఫురించును. తల్లిదండ్రులే లేని బిడ్డను ఎవరి కప్పగింపవలెనను ప్రశ్న ఆ కథలో లేదు. అది న్యాయస్థానమున తేలవలసిన ప్రశ్న.

ఈ ప్రశ్న దక్షిణదేశపు తెలుగువారికి క్రొత్తది కాదు. మధురలో రాణి మంగమ్మ 1689 మొదలు పసివాడైన మనుమడు విజయరంగ చొక్కనాథుని పక్షమున సుమారు పదునైదేండ్లు రాజ్యభారము వహించినది. నాడు రాజ్యమునకే చెల్లిన పద్ధతి నేడు రెండెకరముల తోటకు సైతము చెల్లదు. అవ్వ మనుమని పెంచుట వేరు; ఆమెను చట్టము సంరక్షకురాలిగా గుర్తించుట వేరు.

తల్లిదండ్రులు గతించిన పిల్లలు అవ్వ యింటనో మేనమామ యింటనో పెరుగుట తెలుగు కుటుంబములలో సహజము. పెద్దలు కూర్చుండి “బిడ్డకు మామయే దిక్కు” అని నిర్ణయింతురు. అన్నము పెట్టుటకు, బడికి పంపుటకు ఆ మాట చాలును. భూమి నమ్ముటకు చాలదు. కేవలము పెంచుచున్నందున మైనరు ఆస్తిని విక్రయించు అధికారము ఎవరికిని లేదని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. మామ మంచివాడే కావచ్చును. అతడు వ్రాసిన విక్రయపత్రము మాత్రము నిలువదు.

ఈ చట్టము ప్రకారము సహజ సంరక్షకుడు తండ్రి, తరువాత తల్లి. “తరువాత” అనగా తండ్రి మరణానంతరమే యని అర్థము కాదనియు, అతడు లేనపుడు గాని బిడ్డను పట్టించుకొననపుడు గాని తల్లియే సంరక్షకురాలు కావచ్చుననియు 1999లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అయినను, తల్లిదండ్రులు సైతము కోర్టు అనుమతి లేక మైనరు స్థిరాస్తి నమ్మరాదు. అట్లమ్మినచో ఆ బిడ్డ యుక్తవయస్సు వచ్చిన మూడేండ్లలోగా దావావేసి రద్దు చేయించుకొనవచ్చును. అవిభక్త కుటుంబపు ఆస్తిలోని భాగమునకు నియమము వేరు. దానిని వకీలు నడిగి తెలిసికొనుట మేలు.

తల్లిదండ్రులు లేనిచో 1890 నాటి సంరక్షకుల, వార్డుల చట్టము క్రింద అర్జీ పెట్టవలెను. బంధువే గాక స్నేహితుడును పెట్టవచ్చును. బిడ్డ సాధారణముగా ఎచ్చట నివసించునో అచ్చటి జిల్లాకోర్టునకు అధికారము కలదు. కుటుంబ న్యాయస్థానము ఉన్నచోట బిడ్డ పోషణ విషయము దానికి చేరును. అవినాశి 2009 నుండి తిరుప్పూరు జిల్లాలోనిది. కావున పాత పత్రములందు కోయంబత్తూరు జిల్లా యని యుండుట చూచి అచ్చటికి పరుగెత్త నక్కరలేదు. తండ్రి భూమి మధుర వైపున ఉన్నను, బిడ్డ అవినాశిలో అవ్వ యొద్ద ఉన్నచో ఇచ్చటనే అర్జీ పెట్టవచ్చును.

అర్జీలో బిడ్డ పుట్టినతేది, నివాసము, ఆస్తి వివరములు, దాని ఉజ్జాయింపు విలువ, దగ్గర బంధువుల పేర్లు ఉండవలెను. సంరక్షకత్వమునకు సమ్మతించు వాంగ్మూలముపై ఇద్దరు సాక్షులు సంతకము చేయవలెను. కోర్టు బంధువులకు నోటీసు పంపును. బిడ్డ తెలివి వచ్చిన వయస్సువాడైనచో అతని ఇష్టమును విచారించును. అన్నిటికంటె బిడ్డ క్షేమమే ముఖ్యము. ఆస్తికి సంరక్షకుడైనవాడు కోర్టు కోరినచో ఆస్తిజాబితాను, లెక్కలను దాఖలు చేయవలెను. ఇది పదవి కాదు, బరువు.

భాష విషయమున ఒక జాగ్రత్త అవసరము. క్రింది కోర్టుల వ్యవహారము తమిళమున జరుగును. తాతలనాటి తెలుగు వ్రాతలు సాక్ష్యము కావలెనన్న అనువాదము జతపరుపవలెను. ఇంట తెలుగు మాటాడియు ఏ లిపియు చదువలేని అవ్వలు, తమ వాంగ్మూలమును తమకు అర్థమగు మాటలలో చదివించుకొనక వ్రేలిముద్ర వేయరాదు.

వకీలు ఖర్చునకు జంకి వెనుదీయ నక్కరలేదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము ప్రకారము స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులములవారికి, వికలాంగులకు ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత న్యాయసహాయము లభించును. అవ్వ స్త్రీ గనుక అర్హురాలు. తెలుగు మాటాడు అరుంధతీయ కుటుంబముల పురుషులును అర్హులే. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు గాని తాలూకా సమితికి గాని అర్జీ ఇచ్చిన చాలును. 15100 అను నంబరునకు ఉచితముగా టెలిఫోను చేసియు విచారింపవచ్చును.

పెద్దవారి విషయము మరింత చిక్కైనది. బుద్ధిమాంద్యము గల కుమారునికి పదునెనిమిదేండ్లు నిండినచో తల్లిదండ్రుల సహజ సంరక్షకత్వము ముగియును. పెక్కుమంది దీనిని గమనింపరు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము క్రింద బుద్ధిమాంద్యము, ఆటిజము, సెరిబ్రల్ పాల్సీ, బహువైకల్యము గలవారికై జిల్లాలోని స్థానికస్థాయి కమిటీకి దరఖాస్తు చేయవలెను. తాము జీవించియుండగనే, తమ తరువాత ఎవరు చూతురో నిర్ణయించుకొని వృద్ధులైన తల్లిదండ్రులు ఈ పని చేయుట యుక్తము.

స్మృతిలేక మంచము పట్టిన భర్తకో తండ్రికో ఇట్టి ప్రత్యేక చట్టము లేదు. అట్టివారి బంధువులు రాజ్యాంగము 226వ అధికరణము క్రింద హైకోర్టు నాశ్రయింపవలసి యున్నది. 2024లో మద్రాసు హైకోర్టు ఇట్టి భర్తకు భార్యను సంరక్షకురాలిగా నియమించి, ఆస్తివ్యవహారము నడుపుటకు అనుమతించినది. హైకోర్టునందును న్యాయసేవాసమితి కలదు. ఉచిత సహాయమునకు అచ్చటను అర్జీ పెట్టవచ్చును.