కారు బానెట్టు, ఇంటి రేకు – ఒకటే సూత్రం

2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుపాను మన కళింగపట్నానికి ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో తీరం దాటింది. ఆ సాయంత్రమే మేము ఇంటి రేకులపై ఇసుక బస్తాలు పెట్టాం. తెల్లారేసరికి రేకులూ, బస్తాలూ పెరట్లో ఉన్నాయి.

ఎందుకలా జరిగింది? కారు బానెట్టును చూస్తే అర్థమవుతుంది. వేగంగా వెళ్లే కారు ముందు జాలీ గుండా గాలి ఇంజను వైపు దూరి లోపల ఒత్తిడి పెంచుతుంది. బానెట్టు ముందు అంచుపై గాలి వేగంగా సాగడంతో అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. రెండూ కలిసి బానెట్టును ఎత్తుతాయి. అందుకే మార్పులు చేసిన రేసు కార్లకు బానెట్టు పిన్నులు బిగిస్తారు, లోపలి గాలి పోవడానికి ముందు భాగంలో రంధ్రాలు పెడతారు. అద్దం దగ్గర పెడితే లాభం లేదు. అక్కడ ఒత్తిడి ఎక్కువ కనుక గాలి తిరిగి లోపలికే వస్తుంది.

ఇల్లూ అంతే. గాలివైపు తలుపు తెరుచుకుంటే లోపల ఒత్తిడి పెరుగుతుంది. చూరు అంచుల్లో, మూలల్లో పైకి లాగే బలం ఎక్కువ. గంటకు 95 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 40 కిలోల బలం చూపగలదు. అంత ఇనుప రేకు బరువు 5 కిలోలే! గాలి వేగం రెట్టింపైతే బలం నాలుగు రెట్లవుతుంది.

కాబట్టి మిత్రులారా, బరువు కన్నా బిగింపు ముఖ్యం. రేకును హుక్కు బోల్టులతో వాసానికి, వాసాన్ని గోడకు బిగించాలి. గాలివైపు తలుపులు మూయాలి. అధికారులు పొమ్మంటే తుపాను షెల్టరుకు వెళ్లాలి.

ఈ సెలవులకు ఇంటికెళ్లినప్పుడు చూరు కింద బోల్టులు ఒకసారి చూడండి. అప్పుడు మేము చూడలేదు.