కుట్లు మానాక... భయం మానేదాకా

గడ్డ తీసేశారు, కుట్లు విప్పేశారు. ఇంట్లోవాళ్లకు గండం గడిచినట్టే. ఆపరేషన్‌ చేయించుకున్న మనిషికి మాత్రం అసలు ప్రశ్నలు అప్పుడే మొదలవుతాయి. కిడ్నీ క్యాన్సర్‌ నుంచి కోలుకోవడంలో ఒంటితోపాటు మనసుకూ గడువు కావాలి.

ఈ క్యాన్సర్‌ చాలామందిలో అనుకోకుండా బయటపడుతుంది. కడుపులో మంటకో, గ్యాస్‌ నొప్పికో అల్ట్రాసౌండ్‌ తీయిస్తే కిడ్నీ మీద గడ్డ కనిపిస్తుంది. నిన్నటిదాకా పనుల్లో తిరిగిన మనిషి కొద్దిరోజుల్లోనే ఆపరేషన్‌ థియేటర్‌లో ఉంటాడు. ఏం జరిగిందో తలచుకునే తీరిక ఇంటికొచ్చాకే దొరుకుతుంది. చుట్టాలంతా ‘తీసేశారుగా, ఇంకేం భయం?’ అంటున్న రోజుల్లోనే భయం మొదలవుతుంది.

మొదటి వారాలు

ల్యాప్రోస్కోపీలో పొట్టను కార్బన్‌ డయాక్సైడ్‌తో ఉబ్బిస్తారు. అందుకే కోత పొట్ట మీదైనా రెండు మూడు రోజులు భుజం లాగవచ్చు. డొక్కలో పెద్ద కోత పెట్టినవారికి మంచం మీంచి లేవడమే కష్టం. పక్కకు ఒత్తిగిలి, కాళ్లు కిందికి దించి, మోచేతి ఊతంతో లేస్తే కుట్ల మీద బరువు పడదు. దగ్గు వస్తే దిండును కోతకు అదిమి పట్టుకుని దగ్గాలి. వార్డులోనే మెల్లగా నాలుగడుగులు వేయడం మొదలుపెడితే కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు తగ్గుతుంది.

నిండు బిందె, గ్యాస్‌ సిలిండరు, చంకెక్కే మనవడు... ఈ బరువులన్నిటికీ దాదాపు ఆరు వారాలు దూరం. కోత చుట్టూ నెలల తరబడి తిమ్మిరిగా ఉండొచ్చు. నరాలు దెబ్బతినడంవల్ల కొందరికి ఆ పక్క ఉబ్బుతుంది. అది కనిపించగానే క్యాన్సర్‌ తిరగబెట్టిందని వణికిపోనక్కర్లేదు, సర్జన్‌కు చూపిస్తే చాలు. జ్వరం, చీము, ఒక కాలి పిక్క వాచడం, ఆయాసం, మూత్రంలో రక్తం... వీటికి మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు. గడ్డవరకే తీసి కిడ్నీని నిలిపినవారిలో కొద్దివారాల తర్వాత కూడా అరుదుగా రక్తస్రావం కావచ్చు.

మిగిలిన కిడ్నీ మాటేంటి?

కిడ్నీ అనగానే మనకు ఉద్దానం ప్రాంతపు కిడ్నీ జబ్బులు, డయాలసిస్‌ గుర్తొస్తాయి. ఒకటి తీసేశారంటే బతుకు సగమైనట్టే అనిపిస్తుంది. నిజానికి 1869లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో గుస్తావ్‌ సైమన్‌ అనే సర్జన్‌ ముందుగా కుక్కల మీద ప్రయోగించి చూసుకుని, ఒక మహిళకు కిడ్నీ తొలగించాడు. ఆమె మిగిలిన ఒక్క కిడ్నీతోనే కోలుకుంది. ఒక కిడ్నీ దానం చేసినవారెందరో ఇవాళ మన మధ్యే మామూలుగా పనులు చేసుకుంటున్నారు. మిగిలిన కిడ్నీ కాస్త పెరిగి, అదనపు పని అందుకుంటుంది. అయినా రెండూ ఉన్నప్పటి స్థాయి పూర్తిగా రాదు కాబట్టి, ఆపరేషన్‌ తర్వాత కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్‌ కొంచెం ఎక్కువగా కనిపించడం సహజమే. అది ఎక్కడ నిలకడగా ఉందన్నదే చూడాలి.

ఆ కిడ్నీకి అసలు శత్రువులు అదుపులో లేని బీపీ, షుగర్‌, పొగ. ఆ తర్వాత మెడికల్‌ షాపులో అడగ్గానే చేతిలో పెట్టే నొప్పి బిళ్ల. డైక్లోఫెనాక్‌, ఐబుప్రొఫెన్‌ లాంటివి డాక్టర్‌ చెప్పందే వద్దు. ‘నాకు ఒక్క కిడ్నీయే ఉంది’ అని షాపులోనూ, పంటి డాక్టర్‌ దగ్గరా, కాంట్రాస్ట్‌ ఇచ్చే స్కానింగ్‌ సెంటర్లోనూ ముందే చెప్పాలి. ఏముందో తెలియని భస్మాల జోలికి పోవద్దు. బిందెలకొద్దీ నీళ్లు తాగాల్సిన పనిలేదు. కిడ్నీ బాగానే పనిచేస్తుంటే, పత్యం పేరుతో పప్పు మానేసి నీరసించడమూ అనవసరమే.

‘కీమో ఎందుకివ్వలేదు?’

చూడ్డానికొచ్చినవాళ్లు అడిగే ఈ ప్రశ్న ఆ ఇంట్లో నిద్ర లేకుండా చేస్తుంది. కిడ్నీలో ఎక్కువగా వచ్చే క్యాన్సర్‌ మామూలు కీమోకు లొంగదు, అందుకే ఇవ్వరు. గడ్డ కిడ్నీ దాటకుండా ఉంటే చాలామందికి ఆపరేషనే చికిత్స. తిరగబెట్టే ముప్పు ఎక్కువున్నవారికి పెంబ్రోలిజుమాబ్‌ అనే ఇమ్యునోథెరపీ మందు ఉంది. అది ఎవరికి అవసరమో బయాప్సీ రిపోర్టు చూసి డాక్టర్‌ చెబుతారు.

స్కాన్‌ దగ్గరపడితే...

ఈ క్యాన్సర్‌ ఏళ్ల తర్వాత కూడా తిరగబెట్టే అవకాశం ఉంది. ఎక్కువగా ఊపిరితిత్తుల్లో కనిపిస్తుంది కాబట్టి పొట్టతోపాటు ఛాతీకీ స్కాన్‌ తీస్తారు. బాగానే ఉన్నాం కదా అని ఆ గడువులు దాటేయకూడదు. తేదీ దగ్గరపడేకొద్దీ నిద్ర పట్టదు, మామూలు వెన్నునొప్పి కూడా అనుమానంగా తోస్తుంది. ఇది పిరికితనం కాదు, ఈ జబ్బు చూసిన ఎవరికైనా ఉండేదే. రిపోర్టు ఎప్పుడిస్తారో ముందే అడిగి పెట్టుకోవడం, వెంట ఒకరిని తీసుకెళ్లడం, సందేహాలు కాగితం మీద రాసుకోవడం కొంత తేలికపరుస్తాయి. రెండు వారాలు దాటినా దిగులు వదలకపోతే మానసిక వైద్యుణ్ని కలవాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్‌ నంబరు 14416కు ఫోన్‌ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇంట్లోవాళ్లకు ఒక మనవి. ‘ఏం కాదులే’ అని మాట తుంచేయకండి. మంచినీళ్ల గ్లాసు కూడా ఎత్తనివ్వకుండా మంచాన కూర్చోబెట్టకండి. చేయగలిగిన పని చేయనివ్వండి, చెప్పుకోవాలనుకున్న భయం చెప్పుకోనివ్వండి. గడ్డ తీయడం సర్జన్‌ చేసే పని. ఆ మనిషికి మళ్లీ ధైర్యం రావడంలో ఇంటిల్లిపాదికీ పని ఉంది.