నిల్వ ఉన్న రసాయనం నిద్రపోదు

రసాయనశాలలో జాగ్రత్తలు అనగానే మన బి.ఎస్సీ. విద్యార్థులకు గుర్తొచ్చే మొదటి పాఠం ఒకటుంది: నీళ్ళలో ఆమ్లం పొయ్యాలి గాని, ఆమ్లంలో నీళ్ళు పొయ్యరాదు. గాఢ సల్ఫ్యూరికామ్లం మీద నీళ్ళు పోస్తే పుట్టే వేడికి ఆ నీరు మరిగి, ఆమ్లాన్ని ముఖం మీదికి చిమ్ముతుంది. మంచిదే. అయితే ఇలాంటి జాగ్రత్తలన్నీ ప్రాక్టికల్స్ జరిగే మూడు గంటలకే. మనం తాళం వేసి వెళ్ళిపోయాక అలమరాలోని సీసాల సంగతేమిటి? ఈ ప్రశ్నకు మన విశాఖపట్నం చాలా ఖరీదైన జవాబు చెప్పింది.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారం ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు, వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. గమనించవలసిందేమంటే, అప్పుడక్కడ ఉత్పత్తి జరగడం లేదు. లాక్‌డౌన్ వల్ల కర్మాగారం ఆగి ఉంది. స్టైరీన్ ఊరికే నిల్వ ఉంది, అంతే.

ఊరికే ఉన్నది ఎందుకు తిరగబడింది? స్టైరీన్ అణువులు ఒకదానితో ఒకటి చేతులు కలిపి గొలుసులుగా మారతాయి. అదే మనం వాడే పాలిస్టైరీన్. చేతులు కలిసిన ప్రతిసారీ కొంత వేడి పుడుతుంది. ఆ వేడి గొలుసు కట్టడాన్ని మరింత తొందరపెడుతుంది. అందుకే దాన్ని చల్లగా ఉంచుతారు, టి.బి.సి. అనే నిరోధకాన్ని కలుపుతారు. ఈ నిరోధకం రోజులు గడిచేకొద్దీ ఖర్చయిపోతుంది. పైగా అది పనిచెయ్యాలంటే ద్రవంలో కొంత ఆక్సిజన్ కరిగి ఉండాలి.

మాది వ్యవసాయ కుటుంబం. ఈ సంగతి మా నాన్నకు చెబితే ఆయనకేమీ వింతగా తోచలేదు. "పచ్చి ఆరని గడ్డి వామేస్తే లోపల ఉడికిపోదూ? పైన చెయ్యి పెడితే చల్లగానే ఉంటది" అన్నారు. గడ్డిలో వేడి పుట్టించేవి సూక్ష్మజీవులు, కారణం వేరు. కాని సూత్రం ఒక్కటే: పుట్టే వేడి బయటికి పోయే వేడి కంటే ఎక్కువైతే కుప్ప మధ్య నుంచి కాగుతుంది. కుప్ప ఎంత పెద్దదైతే వేడికి బయటి దారి అంత తక్కువ.

ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ చెప్పింది కూడా దాదాపు ఇదే. ఉష్ణోగ్రత కొలిచే సాధనం ట్యాంకు అడుగున ఉంది, పైభాగం వేడిని చూసే ఏర్పాటు లేదు. శీతలీకరణ రాత్రిళ్ళు ఆపేసేవారు. నిరోధకం నిల్వలు లేవు. చివరికి సైరను కూడా మోగలేదు. స్టైరీన్ ఆవిరి గాలి కంటే మూడున్నర రెట్లు బరువు గనుక నేలబారుగా ఇళ్ళలోకి పాకింది.

మన ల్యాబులో అంత పెద్ద ట్యాంకులు లేవు, నిజమే. కాని వేసవి సెలవులు మనకూ ఉన్నాయి. తెరిచిన ఈథర్ సీసాలో గాలి తగిలి పెరాక్సైడులు తయారవుతాయి, అవి పేలే స్వభావం గలవి. మూత చుట్టూ స్ఫటికాలు కనిపిస్తే సీసాను కదపకుండా, మూత తిప్పకుండా లెక్చరరు గారికి చెప్పాలి. సోడియం ముక్కల మీద కిరసనాయిలు తగ్గిపోతే గాలిలోని తేమ వాటిని పట్టుకుంటుంది. నత్రికామ్లం, ఆల్కహాలు ఒకే అరలో పెడితే, ఒక్క సీసా పగిలినా ప్రమాదమే.

అందుచేత నా సూచన చిన్నది. ప్రతి సీసా మీద వచ్చిన తేదీ, తెరిచిన తేదీ రాయాలి. సెలవులకు ముందు ఒక పూట లెక్చరర్లు, అటెండర్లు, మనమూ కలిసి అలమరాలన్నీ చూసి రిజిస్టరులో సంతకం చెయ్యాలి. సెలవుల్లో తాళాలు ఎవరి దగ్గరుంటాయో తలుపు మీదే రాసి పెట్టాలి.

మిత్రులారా! ప్రయోగం చేసేవాడికి కళ్ళద్దాలుంటాయి, చేతితొడుగులుంటాయి. వెంకటాపురంలో ఆ వేళ మంచాల మీద నిద్రపోతున్న వాళ్ళకు అవేవీ లేవు, వాళ్ళు ఏ ప్రయోగమూ చెయ్యలేదు. రేపు మనలో చాలామందిమి పరవాడ ఫార్మా కంపెనీల్లోనో, స్టీలు ప్లాంటులోనో, రిఫైనరీలోనో షిఫ్టు డ్యూటీలు చేస్తాం. ఇక్కడ సీసాను పట్టించుకోవడం అలవాటైన వాడే అక్కడ ట్యాంకును పట్టించుకుంటాడు.